మా నాన్న విక్రాంత్‌లో స్టోకర్

మా నాన్న పోయి ఈ వేసవికి రెండేళ్లు దాటింది. అక్క, తమ్ముడు, నేను ఎప్పుడు కలిసినా ఆయన కబుర్లే, కాకపోతే ఒకరికి గుర్తున్నది ఇంకొకరికి గుర్తుండదు, మా పిల్లలకైతే తాతయ్యంటే కొబ్బరి తోట, పొద్దున్నే రేడియో, పాత ట్రంకు పెట్టె, అంతవరకే తెలుసు. అందుకే గుర్తున్నవి గుర్తున్నట్టు ఒకచోట రాసి పెడుతున్నాను.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వారగా కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ కలిపి అలా అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు. మా వైపు వీధికి ఒకరిద్దరు మిలట్రీలోనో నేవీలోనో ఉండటం మామూలే. నాన్న 1965లో, పదిహేడో ఏట చేరాడు. విశాఖపట్నంలో మొదటి శిక్షణ, తర్వాత లోనావాలాలో ఐఎన్ఎస్ శివాజీలో ఇంజిన్ల పని, బాయిలర్ల పని నేర్పించారు. స్టోకర్ అని పిలిచేవాళ్లు వాళ్లని. అక్కడ నుంచి కొన్నాళ్లు వేరే షిప్పులో తిరిగి, ఆఖరికి విక్రాంత్‌కి వెళ్లాడు.

విక్రాంత్ గురించి తెలియని వాళ్లుండరు. మన మొదటి విమాన వాహక నౌక, 1961లో బెల్‌ఫాస్ట్‌లో మన నేవీలో చేరి అదే ఏడాది బొంబాయి వచ్చింది. ఫొటోల్లో అందరికీ కనపడేది పైన డెక్కు, దాని మీద సీ హాక్ విమానాలు. నాన్న పని చేసింది వాటన్నిటికీ అడుగున, ఆకాశం గానీ సముద్రం గానీ కంటికి కనపడని చోట. నాలుగు బాయిలర్లు, వాటి ఆవిరితో తిరిగే టర్బైన్లు. ఆవిరి ఉంటేనే షిప్పు కదులుతుంది, ఎదురుగాలికి తోడు షిప్పు వేగం కూడా ఉంటేనే విమానం డెక్కు మీంచి లేస్తుంది. కాబట్టి పైన పైలట్ ఎగిరాడంటే కింద స్టోకర్లు చెమటోడ్చారని అర్థం అనేవాడు. గొప్పగా కాదు, లెక్క చెప్పినట్టు చెప్పేవాడు.

బాయిలర్ రూము సంగతులు అడిగితే మాత్రం ఎంతసేపైనా చెప్పేవాడు. నాకు బాగా గుర్తుండిపోయింది చీపురు కర్ర సంగతి. పీడనం ఎక్కువగా ఉన్న ఆవిరి పైపులో ఎక్కడైనా సన్న లీకు వస్తే అది కంటికి కనపడదట, మనం రోజూ గిన్నె మీద చూసే తెల్లటి ఆవిరి కాదది, గాజులా ఉంటుంది, చప్పుడు మాత్రం వస్తుంది. ఎటు నుంచి వస్తోందో ఆ రొదలో తెలియదు. చెయ్యి పెట్టి వెతికితే చెయ్యి పోతుంది. అందుకని చీపురు కర్ర ముందుకి చాపి, పైకీ కిందకీ ఊపుకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ వెళతారు, కర్ర ఎక్కడ కోసుకుపోతే లీకు అక్కడున్నట్టు. మా తమ్ముడు చిన్నప్పుడు ఇంట్లో చీపురు తిరగేసి పట్టుకుని గోడల వెంట అలా నడుస్తుంటే నాన్న వెనకే నడుస్తూ "ఒరే, అంత జోరుగా కాదురా, మెల్లగా, మెల్లగా" అని నిజంగానే నేర్పించేవాడు.

ఇంకొకటి గేజ్ గ్లాస్. బాయిలర్‌లో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపించే గాజు గొట్టం. నీళ్లు మరీ తగ్గితే లోపల ట్యూబులు కాలిపోతాయి, మరీ పెరిగితే నీళ్లు ఆవిరితో పాటు టర్బైన్‌లోకి పోయి దాన్ని పాడు చేస్తాయి. వాచ్‌లో, అంటే డ్యూటీ వంతులో ఉన్న నాలుగు గంటలూ కన్ను దాని మీదే ఉండాలి. గంట గంటకీ పుస్తకంలో రాయాలి. ఒళ్లు ఉడికిపోయే వేడి, ఉప్పు బిళ్లలు మింగుతూ, చెమట కళ్లలో పడుతున్నా ఆ గాజు గొట్టం మీంచి చూపు తిప్పకూడదు. ఆ అలవాటు ఆయన్ని ఆఖరి దాకా వదల్లేదు, దాని గురించి తర్వాత చెబుతాను.

1971 నాటికి అమ్మా నాన్నలకి పెళ్లయి ఏడాది దాటింది. అక్క కడుపులో ఉంది. అమ్మ అత్తారింట్లో, నాన్న షిప్పులో. అప్పటికే విక్రాంత్ బాయిలర్ డ్రమ్ముల్లో పగుళ్లు బయటపడి, పూర్తి వేగంతో నడపడానికి వీల్లేని పరిస్థితి. పాకిస్తాన్‌తో యుద్ధానికి పంపాలా వద్దా అని పైన పెద్ద చర్చే జరిగింది. చివరికి నేవీ చీఫ్ అడ్మిరల్ నందా పంపాలనే నిర్ణయించారు. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి, నాన్న చెప్పింది ఒక్కటే, "పగులున్న బాయిలర్ పక్కన నిలబడితే అమ్మ గుర్తొస్తాది, మీ అమ్మ కాదు, మా అమ్మ."

మా వైపు వాళ్లకి విశాఖలో చుట్టాలుంటారు, పనులుంటాయి, అందుకని డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖలో వినపడిన ఆ పేలుడు సంగతి రెండు మూడు రోజుల్లో ఉద్దానం చేరిపోయింది. కిటికీ అద్దాలు అదిరాయట, సముద్రంలో ఏదో పేలిందట అని. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ అది. విక్రాంత్ కోసమే వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని నమ్మించడానికి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నుంచి దాని పేరు మీద సందేశాలు పంపారు, అసలు విక్రాంత్ అప్పటికి అండమాన్ల వైపు ఉంది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జిల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల మునిగిందని మనవాళ్లు, లోపలే పేలి మునిగిందని పాకిస్తాన్ వాళ్లు అంటారు. ఏదైతేనేం, అందులో ఉన్న తొంభై మందికి పైగా ఒక్కరూ మిగల్లేదు.

ఇదేదీ అప్పుడు అమ్మకి తెలియదు. ఊళ్లో మాత్రం మునిగింది విక్రాంతే అని ఎవరో అన్నారు. మా నానమ్మ ఆ అన్న మనిషిని వీధిలో నిలబెట్టి నాలుగు పెట్టింది గానీ, ఇంట్లోకి వచ్చాక పొయ్యి వెలిగించలేదట. పంచాయతీ రేడియో దగ్గరికి మా తాత రోజూ పొద్దునా సాయంత్రం వెళ్లేవాడు. విక్రాంత్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయని వార్తల్లో చెప్పారట, అంటే షిప్పు ఉంది, షిప్పుంటే తన కొడుకున్నాడు, అని తాత లెక్క. అమ్మ మాత్రం ఉత్తరం వచ్చేదాకా ఎవరి లెక్కా నమ్మలేదు.

ఆ ఉత్తరాల గురించి చెప్పాలి. కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బొంబాయి అని ఉండేది చిరునామా. షిప్పు సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఉత్తరాలు పోగుపడి, రేవుకి చేరాక ఒక్కసారే వస్తాయి, ఏది ముందు రాసిందో ఏది వెనక రాసిందో తెలియదు. అందుకని నాన్న ప్రతి ఉత్తరం మీద పైన మూలకి అంకె వేసేవాడు. అమ్మకీ అలాగే వెయ్యమని చెప్పాడు. అయిదో తరగతి చదివిన అమ్మ ఆ అంకెలు మాత్రం ఎప్పుడూ తప్పలేదు. పోస్ట్‌మాన్ కట్ట ఇచ్చాక ముందు వరసగా పేర్చుకుని, మధ్యలో ఒక అంకె లేకపోతే అది వచ్చేవరకు తర్వాతవి విప్పేది కాదట. యుద్ధం అయిపోయాక వచ్చిన ఉత్తరం ఇప్పటికీ మా దగ్గరుంది. అందులో యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు. క్షేమంగా ఉన్నాను అని ఒక వాక్యం, ఆ తర్వాత, కాన్పుకి పలాస ఆసుపత్రికే వెళ్లమని, మంత్రసాని మీద వదిలెయ్యొద్దని, బండి ఎవరిది మాట్లాడాలో, డబ్బు ఎవరి దగ్గర తీసుకోవాలో, వాళ్ల పేర్లు, వరసగా. చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఇరవై మూడేళ్ల కుర్రాడు, పగులున్న బాయిలర్ల దగ్గర నిలబడి యుద్ధం చేసొచ్చి, ఎడ్లబండి గురించి రాస్తున్నాడు.

డిసెంబరు 4న నేవీ డే అని ఎవరైనా శుభాకాంక్షలు చెబితే సంతోషంగా చేతులు జోడించేవాడు. 9న మాత్రం మాట్లాడేవాడు కాదు. ఆ రోజు 1971లో డయ్యూ దగ్గర ఐఎన్ఎస్ ఖుక్రి మునిగిపోయింది, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా షిప్పుతో పాటే ఉండిపోయారు, మొత్తం 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. నాన్నతో పాటు శిక్షణలో పక్క మంచం కుర్రాడు అందులో ఉన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టేవాడు కాదు, అమ్మ కూడా బలవంతం చేసేది కాదు.

లీవుకి వచ్చినప్పటి సంగతులు నాకంటే అక్కకి బాగా తెలుసు. రెండు మూడు రైళ్లు మారి పలాసలో దిగి, ట్రంకు పెట్టె బస్సు మీద వేసుకుని వచ్చేవాడట. వచ్చిన మర్నాటి నుంచే పని. ఒక లీవులో చేసింది పొయ్యి. బాయిలర్‌కి గాలి చాలకపోతే నల్లపొగ వస్తుంది, గాలి ఎక్కువైతే తెల్లపొగ వస్తుంది, సరిగ్గా మండితే పొగ కనపడీ కనపడనట్టు ఉంటుంది. ఆ లెక్క తెలిసిన మనిషికి మా వంటింట్లో పొగ ఎలా కనపడి ఉంటుందో ఆలోచించండి. కొబ్బరి మట్టలు, జీడి పుల్లలు, అమ్మా నానమ్మా కళ్లు తుడుచుకుంటూ వండేవాళ్లు. నాన్న పాత పొయ్యి పగలగొట్టి, బంకమట్టితో కొత్తది కట్టి, కింద గాలి పోవడానికి దారి పెట్టి, వెనక నుంచి రేకు గొట్టం కప్పు పైదాకా తీశాడు. నాలుగు రోజులు పట్టింది. కట్టడం, మండించడం, బయటికి వెళ్లి పొగ రంగు చూడటం, మళ్లీ లోపలికొచ్చి గాలి దారి కొంచెం పెద్దది చెయ్యడం, మళ్లీ బయటికి. ఊరంతా వచ్చి చూసింది. "మొగోడు వంటింట్లో కూకుని పొయ్యి కడతన్నాడేటి" అన్నవాళ్లే తర్వాత తమ ఇళ్లలో కట్టిపెట్టమని అడిగారు. కట్టిపెట్టాడు కూడా, ఎన్ని ఇళ్లలో కట్టాడో లెక్క లేదు.

1982లో పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాడు. ఆయనతో పాటు బయటికొచ్చిన వాళ్లు చాలామంది మర్చంట్ నేవీకి వెళ్లారు, జీతం మూడు నాలుగు రెట్లు. నాన్నకీ పిలుపు వచ్చింది. అమ్మని అడిగాడు. అమ్మ "మీ ఇష్టం" అంది. అమ్మ మీ ఇష్టం అందంటే వద్దని అర్థమని పన్నెండేళ్లు ఉత్తరాల మీద కాపురం చేసిన మనిషికి తెలియకుండా ఉంటుందా. వెళ్లలేదు. తోట చూసుకున్నాడు, తర్వాత పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేశాడు. ఆ జీతానికీ వదులుకున్న జీతానికీ పొంతన లేదు. ఇంట్లో డబ్బుకి కటకటలాడిన రోజుల్లో కూడా వెళ్లుంటే బాగుండేదన్న మాట ఆయన నోట ఎవ్వరం వినలేదు.

ఇంట్లో ఆయన చెయ్యని పని లేదు. షిప్పులో ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కుని, కుట్టుకుని, ఇస్త్రీ చేసుకోవాలి కదా. సూదీ దారం ఉన్న చిన్న గుడ్డ సంచి ఒకటి తెచ్చుకున్నాడు, మా బొత్తాలన్నీ ఆయనే కుట్టేవాడు. ఆదివారం రాత్రి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ముగ్గురి యూనిఫామ్‌లూ చేసి పెట్టేవాడు. నిద్ర మాత్రం ఆయనది ఎప్పుడూ ముక్కలు ముక్కలే. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు ఉండేదాన్ని మిడిల్ వాచ్ అంటారు, ఏళ్ల తరబడి ఆ వాచ్ చేసిన వాళ్లకి ఆ వేళకి మెలకువ రాక తప్పదట. టెన్త్, ఇంటర్ పరీక్షల టెన్షన్‌లో మేం ఏ వేళకి లేచినా నాన్న మెలకువగానే ఉండేవాడు, టీ పెట్టి తెచ్చి ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా అరుగు మీద కూర్చునేవాడు. అక్కని శ్రీకాకుళంలో హాస్టల్‌లో పెట్టి డిగ్రీ చదివిస్తానంటే బంధువుల్లో చాలామంది ఆడపిల్లకి ఎందుకన్నారు. "నాను పదిహేడేళ్లు హాస్టల్లాంటి చోటే ఉన్నాను, నాకేటయింది" అన్నాడు, అంతే.

ఇప్పుడు అమ్మ జబ్బు సంగతి. ఉద్దానం అనగానే బయటివాళ్లకి ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. ఎంతోమంది వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పరీక్షలు చేశారు, కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేల్చలేకపోయారు. మా వీధిలోనే ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో. అమ్మకి తేలేసరికి బాగా ముదిరిపోయింది. మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ ఉండబట్టి వైద్యానికి అప్పులపాలు కాలేదు, ఆ పథకం లేని మా పక్కింటివాళ్లు ఎకరం తోట అమ్ముకున్నారు, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మండుతుంది. డయాలసిస్ కోసం నాన్న అమ్మని తీసుకుని విశాఖలో గది అద్దెకి తీసుకుని ఉండిపోయాడు. మేం వస్తామన్నా, మనిషిని పెడతామన్నా ఒప్పుకోలేదు.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లు తాగే నీళ్లకి లెక్క ఉంటుంది. ఎక్కువైతే ఒంట్లో చేరి ఆయాసం వస్తుంది. నాన్న ఒక పెద్ద నోటు పుస్తకానికి గళ్లు గీశాడు. టైము, నీళ్లు, మజ్జిగ, బరువు, బీపీ, కాళ్ల వాపు. గంట గంటకీ రాసేవాడు. మందు కొలిచే చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేవాడు. అమ్మ ఒక్క గుక్క ఎక్కువ అడిగితే కాదనలేక, ఇవ్వలేక, తడిగుడ్డతో పెదాలు తుడిచేవాడు. నోటు పుస్తకం చూసిన డాక్టరు ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడిగితే "బాయిలర్ రూములో సార్" అన్నాడట. నేను శని ఆదివారాలు వెళ్లేవాణ్ణి. ఒకరోజు నాన్న అస్తమానూ మేడ మెట్ల దగ్గరికి వెళ్లొస్తుంటే ఎందుకా అని వెళ్లి చూశాను. అక్కడ ఒక సీసాలో నీళ్లు పెట్టుకున్నాడు. అమ్మ ఎదురుగా నీళ్లు తాగితే ఆమెకి దాహం వేస్తుందని బయటికి వచ్చి తాగుతున్నాడు. విశాఖ ఉక్కపోతలో, అరవై దాటిన మనిషి, అన్నం తింటూ కూడా నీళ్లు ముట్టేవాడు కాదు. అమ్మ ఉన్నన్నాళ్లూ అలాగే చేశాడు.

ఆ రోజుల్లోనే అమ్మకి బాగున్న ఒక సాయంత్రం మా పిల్లల్ని ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపించడానికి తీసుకెళ్లాడు. లోపల ఇంజిన్ల దగ్గర ఆగి, ఏది ఏమిటో చెబుతుంటే అక్కడి గైడు కూడా నిలబడి విన్నాడు. బయటికొచ్చాక విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర మా అబ్బాయి ఘాజీ గురించి అడిగాడు, మనం గెలిచాం కదా తాతయ్యా అని. గెలిచాం అన్నాడు. కాసేపు ఆగి, "అందులో కూడా ఇంజిన్ రూములో పిల్లలుంటారు కదా, వాళ్లకి ఏం జరిగిందో తెలిసుండదు" అన్నాడు. తనని చంపడానికి వచ్చిన సబ్‌మెరైన్ గురించి అంటున్నాడు ఆ మాట.

అమ్మ 2015లో పోయింది. మరుసటేడు విక్రాంత్ ఉక్కు కరిగించి బజాజ్ వాళ్లు వి అనే బైకు తెచ్చారని పేపర్లో వచ్చింది. అంతకు ముందే షిప్పుని తుక్కు కింద అమ్మేసినప్పుడు నాన్న చాలా బాధపడ్డాడు, మ్యూజియంగా ఉంచుతారని ఎంతో ఆశ పెట్టుకున్నాడు. మా తమ్ముడు ఆ బైకే కొన్నాడు. ఇంటికి తెచ్చిన రోజు నాన్న పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, ఎండకి కాలుతున్నా తియ్యకుండా, చాలాసేపు అలాగే ఉన్నాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. నాన్న ఒక్కడే ఉన్నాడు ఊళ్లో, రమ్మన్నా రాలేదు. ముందురోజే పాక కప్పుకి, పశువుల శాలకి తాళ్లు బిగించి కట్టేశాడు, పక్కవాళ్ల ఇళ్లకీ కట్టిపెట్టాడు. ఫోన్లు పోయాయి. రెండో రోజుకి గానీ మేం ఊరు చేరలేకపోయాం, దారంతా చెట్లే. పాక నిలబడింది. తోట లేదు. లీవులకి వచ్చినప్పుడల్లా నాటిన కొబ్బరి చెట్లు, మా ముగ్గురు పుట్టినప్పుడు నాటినవి, అన్నీ ఒకే వైపుకి తలలు పెట్టి పడున్నాయి. నాన్న దగ్గర ఏడుపు లేదు. అప్పటికే తాడుకి ఇరవై అయిదు అడుగులకొక ముడి వేసి, కొత్త మొక్కలకి గోతులు ఎక్కడ తియ్యాలో గుర్తులు పెడుతున్నాడు. అప్పుడాయనకి డెబ్బై ఏళ్లు. నేను వద్దంటే వినకుండా, నా చేతికి తాడు రెండో కొస ఇచ్చి అటు చివర నిలబడమన్నాడు.

కొత్త విక్రాంత్‌ని 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నేవీలో చేర్చారు. పొద్దున్నే స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. దీనికి బాయిలర్లు ఎన్నిరా అని అడిగాడు. బాయిలర్లు లేవు నాన్నా, నాలుగు గ్యాస్ టర్బైన్లు అన్నాను. "లేవా" అని, కొంచెం సేపటికి, "పోన్లే, పిల్లలకి ఆ వేడి తప్పింది" అన్నాడు. తర్వాత కొల్లంలో ఉన్న తన పాత స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకే వాచ్‌లో ఉండేవాళ్లట. ఆయనకి తెలుగు రాదు, ఈయనకి మలయాళం రాదు, షిప్పులో నేర్చుకున్న హిందీలో గంటసేపు మాట్లాడుకున్నారు.

ఆ పెద్దాయన కూడా పోయారని నెల క్రితం వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మా నాన్న హిందీలో రాసిన ఉత్తరాలు వాళ్లింట్లో ఒక కట్ట ఉన్నాయట, ప్రతిదాని మీదా పైన మూలకి అంకె ఉందట, ఆ అంకెలు ఏంటండీ అని అడిగింది. చెప్పాను. వచ్చే నెల అక్కా నేనూ కొల్లం వెళుతున్నాం, ఆ పెద్దాయన మా నాన్నకి రాసినవి మా ట్రంకు పెట్టెలో ఉన్నాయి, అవి తీసుకుని.